ఇరుగుపొరుగు – దారి హక్కు

మానవుడు సంఘజీవి. అతనికి ఇల్లు ఎంత అవసరమో, ఆ ఇంటినుండి పొలానికి, బడికి, బజారుకు, చెరువుకు పోవుటకు దారి కూడా అంతే అవసరం. తెలుగులో బాట అన్నా, తొవ్వ అన్నా, ఉర్దూలో రాస్తా అన్నా అది ఒక్కటే. గోడ కట్టుకొనుట ఒక్కనివల్ల అవుతుంది గాని, దారి ఏర్పడుటకు పదిమంది నడవాలి. అందుచేతనే గోడకు యజమాని ఎవరో వెంటనే చెప్పగలం. దారి ఎవరిదని అడిగితే మాత్రం తగవు మొదలవుతుంది.

ఈ విషయమై వ్రాయవలెనను సంకల్పం మాకు ఊరకే కలుగలేదు. మా కళాశాల వెనుకనుండి బస్సులు ఆగే రోడ్డుకు పోయే కాలిబాట ఒకటి ఉన్నది. ఒకప్పుడు అది తోటల మధ్య బాట. తరువాత ఆ తోటలు ఇండ్ల స్థలాలైనవి. కడచిన వేసవి సెలవులలో ఆ బాట మొదట ఒక ఇనుప గేటు వెలసి, దానికి తాళం పడింది. కళాశాల తెరచిన నాటినుండి విద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి పావుగంట అదనంగా నడుస్తున్నారు. "ఇరవై సంవత్సరాలనుండి నడిచిన దారిని ఎవరైనా ఎట్లా మూస్తారు?" అని విద్యార్థులు ఆగ్రహించారు. "మా స్థలంలో మేము గేటు పెట్టుకొనుటకు ఎవరి అనుమతి కావాలి?" అని పొరుగువారు ప్రశ్నించారు. ఈ రెండు ప్రశ్నలకూ న్యాయశాస్త్రంలో ఏ సమాధానం ఉన్నదో తెలుసుకొనుటే ఈ వ్యాసం ఉద్దేశం.

దారి తగవులు నేటివి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో బాటలను అడ్డగించినవారికి జరిమానాలు విధింపబడినవి. మనుష్యులు, చిన్న పశువులు నడిచే బాటను మూసినవానికి 12 పణాలు, పెద్ద పశువులు పోవు బాటను మూసినవానికి 24 పణాలు దండుగ. దారి ఎవరికి ఎంత అవసరమో దానినిబట్టి శిక్ష ఉండవలెనన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. దారిలోని ఆటంకాన్ని తొలగించుట దానధర్మంతో సమానమని మహమ్మదు ప్రవక్త బోధించారు. దారి వెడల్పు విషయమై తగవు వచ్చినప్పుడు ఏడు మూరలుగా నిర్ణయించవలెనను హదీసు కూడా సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆనాటి మనుష్యులు కూడా మనవలెనే హద్దురాళ్ళ దగ్గర నిలబడి వాదించుకొన్నారన్నమాట.

ఇక నేటి చట్టానికి వద్దాం. మనం దారి అని ఒకే మాటతో పిలిచేవి చట్టం దృష్టిలో మూడు విధాలు. ఈ భేదం తెలియకపోవుటచేతనే తగవులలో సగం పుట్టుచున్నవి.

మొదటిది ప్రజల దారి. పంచాయతీ రోడ్డు, పురపాలక సంఘపు వీధి, గ్రామ పటంలో చూపబడిన బండిబాట, కోస్తా జిల్లాలలో డొంక అనీ పుంత అనీ పిలిచే బాటలు ఈ కోవలోనివి. వీటిపై నడుచుటకు ఎవరూ ఏ కాగితమూ చూపనక్కరలేదు. ఆ ఊరివాడైనా, దారినపోయే పరదేశి అయినా సమానమే. ఇరుప్రక్కల పొలాలవారు ఏటేటా ఒక నాగటిచాలు చొప్పున లోపలికి జరిగి బండిబాటను కాలిబాటగా, కాలిబాటను గట్టుగా మార్చివేయుట మన పల్లెలలో అందరూ ఎరిగినదే. గ్రామ పటంలో గీత ఉండగా నేలమీద బాట మాయమైనంత మాత్రాన ప్రజల హక్కు మాయం కాదు.

రెండవది ఒకరి భూమిమీదుగా మరొకరి భూమికి పోయే హక్కు. దీనినే చట్టంలో ఈజ్‌మెంటు హక్కు అంటారు. 1882లో చేయబడిన భారత ఈజ్‌మెంట్ల చట్టం దీనిని వివరిస్తుంది. ఈ హక్కు మనిషికి కాక భూమికి అంటిపెట్టుకొని ఉంటుంది. రామయ్య పొలానికి పోవుటకు రహీం పొలంలోనుండి దారి ఉన్నదనుకొందాం. రామయ్య తన పొలం అమ్మివేస్తే ఆ దారి హక్కు కొన్నవానికి పోతుంది. రామయ్య చేతిలో మిగలదు.

మూడవది కేవలం అనుమతి. పొరుగువాడు మంచితనం కొద్దీ "మా దొడ్డిలోనుండి పొండి, ఫరవాలేదు" అంటే అది హక్కు కాదు. సామాన్యంగా ఇచ్చినవాడు ఆ అనుమతిని తిరిగి తీసుకొనవచ్చును. అనుమతి పొందినవాడు దానిపై ఆధారపడి ఖర్చు పెట్టి శాశ్వతమైన పని చేసియున్నచో అది వేరు విషయం.

ఈజ్‌మెంటు హక్కు పలు విధాలుగా కలుగుతుంది. వ్రాతమూలకంగా ఇచ్చినది ఒకటి. అవసరంచేత కలిగేది మరొకటి. ఒకే భూమిని రెండుగా విడదీసి అమ్మినప్పుడు లోపలి ముక్కకు మరే దారీ లేకపోతే, బయటి ముక్కలోనుండి దారి ఉండి తీరాలని చట్టం అంటుంది. అయితే లోపలి ముక్కకు వేరొక దారి ఏర్పడిననాడు ఈ హక్కు ముగుస్తుంది. చుట్టూ తిరిగి పోవుట కష్టమన్నంత మాత్రాన ఇది వర్తించదు. అసలే దారి లేనప్పుడు మాత్రమే వర్తిస్తుంది.

చిరకాల అనుభవంచేత కలిగేది ఇంకొకటి. మన విద్యార్థులు చెప్పే ఇరవై సంవత్సరాల మాట దీనికి సంబంధించినదే. 1882 నాటి చట్టం 15వ సెక్షను, 1963 నాటి కాలపరిమితి చట్టం 25వ సెక్షను ఈ విషయమై ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. శాంతియుతంగా, బాహాటంగా, హక్కుగా, ఎడతెగకుండా 20 సంవత్సరాలు నడచియుండాలి. భూమి ప్రభుత్వానిదైతే 30 సంవత్సరాలు. ఇందులోని ప్రతి మాటకూ బరువున్నది. పోట్లాడి నడిచినది శాంతియుతం కాదు. రాత్రివేళ గోడ దూకి నడిచినది బాహాటం కాదు. అడిగి, అనుమతి పొంది నడిచినది హక్కుగా నడిచినది కాదు.

ఎడతెగకుండా అనే మాటకు కూడా ప్రత్యేకమైన అర్థమున్నది. ఎవరో ఒకనాడు ముళ్ళకంప అడ్డం వేసినంత మాత్రాన అనుభవం తెగిపోదు. అడ్డు సంగతీ, అడ్డు పెట్టినవారి సంగతీ తెలిసిన తరువాత కూడా ఒక సంవత్సరంపాటు ఊరకుంటేనే తెగినట్లు. అంతేకాక ఆ 20 సంవత్సరాల అనుభవం, దావా వేయుటకు ముందు రెండు సంవత్సరాల లోపల ముగిసినదై ఉండాలి. దారి మూసినప్పుడు "చూద్దాంలే" అని ఏండ్లు గడిపినవానికి చట్టం సాయపడదని దీని తాత్పర్యం.

హక్కు ఉన్నవానికి కూడా హద్దులున్నవి. ఈ చట్టంలోనే చక్కని ఉదాహరణలు ఇచ్చారు. ఒకరి పొలంలోనుండి దారి హక్కు ఉన్నవాడు ఆ దారిలోనికి ఏదో ఒక కొననుండి ప్రవేశించాలిగాని నడుమ ఎక్కడబడితే అక్కడ దిగరాదు. ఒక పొలానికి పోవుటకు కలిగిన దారిని, దానికి అవతలనున్న తన వేరొక పొలానికి పోవుటకు వాడుకొనరాదు. మొత్తంమీద, భూమి యజమానికి సాధ్యమైనంత తక్కువ ఇబ్బంది కలిగేటట్లు నడుచుకొనాలి. కాలినడకకు కలిగిన హక్కు పేరిట మోటారు సైకిళ్ళు తోలేవారు ఈ మాట గమనింతురుగాక.

దారుల తరువాత చెప్పదగినవి ఖాళీ స్థలాలు. పట్టణాలలో లేఔటు మంజూరు చేసేటప్పుడు స్థలంలో కొంత భాగం, సాధారణంగా పదవ వంతు, ఉద్యానవనానికీ ఆటస్థలానికీ విడిచిపెట్టి స్థానిక సంస్థకు దఖలు పరచాలి. ప్లాట్లు కొన్నవారు ఆ పార్కును చూసే కొంటారు. కొన్నాళ్ళకు ఆ పార్కులో గుడియో, మసీదో, సంఘం కార్యాలయమో, ఎవరి ఇల్లో వెలుస్తుంది. లేదా చుట్టూ గోడ కట్టి "మా కాలనీవారికి మాత్రమే" అని పలక వేలాడగట్టుతారు. స్థానిక సంస్థకు చెందిన పార్కుకు కాలనీ సంఘం సంరక్షకురాలు కావచ్చునుగాని యజమానురాలు కాజాలదు.

ఈ విషయమై బెంగుళూరు కేసు ఒకటి ప్రసిద్ధమైనది. అక్కడ రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుటకు ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చారు. ఆ వాడ నివాసులు హైకోర్టుకు వెళ్ళగా ధర్మాసనం ఆ కేటాయింపును రద్దు చేసింది. 1991లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. పార్కు ప్రజల ఆరోగ్యానికి అవసరమైన స్థలమనీ, దానిని కాపాడుకొనుటకు అక్కడి నివాసులకు కోర్టుకు వచ్చే అర్హత ఉన్నదనీ ఆ తీర్పు సారాంశం. ఆసుపత్రి కూడా మంచిదే కదా అనే వాదం అక్కడ నిలువలేదు.

పల్లెల సంగతి 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన జగ్పాల్ సింగ్ కేసు తీర్పులో కనిపిస్తుంది. పంజాబులోని పాటియాలా జిల్లాలో ఒక గ్రామపు చెరువును పూడ్చి కొందరు ఇండ్లు కట్టుకొన్నారు. ఇండ్లకు ఎంతో ఖర్చు చేశామనీ, చాలాకాలంనుండి ఉంటున్నామనీ చెప్పుట ఉమ్మడి భూమిని ఆక్రమించుటకు సమర్థన కాదని కోర్టు త్రోసిపుచ్చింది. గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించుటకు పథకాలు తయారు చేయవలెనని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన చెరువు శిఖం భూములకు, పశువుల మేత బీళ్ళకు, శ్మశానాల దారులకు ఈ తీర్పు వర్తిస్తుంది. హైదరాబాదులో చెరువులు, పార్కులు, లేఔటు ఖాళీ స్థలాల రక్షణకై తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో హైడ్రా అనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేయుట కూడా ఈ సమస్య తీవ్రతకు నిదర్శనం.

దారి మూసేవాడు ఎల్లప్పుడూ పొరుగువాడే కానక్కరలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటులో భద్రతా కారణాలు చెప్పి సైనికాధికారులు కొన్ని రోడ్లను మూసినందువల్ల చుట్టుపట్ల కాలనీలవారు చాలాకాలం ఇబ్బందిపడ్డారు. 2018 మే నెలలో కేంద్ర రక్షణశాఖ కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరువవలెనని ఆదేశించింది. భద్రత అనేది నిజమైన అవసరమే. కాని ఆ మాట ఒక్కటే చెప్పి ప్రజల దారిని మూయుట సాధ్యం కాదని ఇందువల్ల తేలుతున్నది.

ఇతర దేశాలలో ఈ సమస్యను ఎట్లా పరిష్కరించుకొన్నారో చూచుట కూడా ఉపయోగకరం. ఇంగ్లండులో కొండలు, బీడుభూములు చాలావరకు పెద్ద భూస్వాముల అధీనంలో ఉండేవి. పారిశ్రామిక నగరమైన మాంచెస్టరు కార్మికులకు ఆదివారంనాడు కొండగాలి పీల్చుకొనుటకు కూడా దారి లేకపోయింది. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే యువకుని నాయకత్వాన కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండపైకి నిషేధాన్ని లెక్కచేయక నడిచారు. కావలివారితో పెనుగులాట జరిగింది. ఐదుగురు యువకులకు జైలుశిక్ష పడింది. ఆ శిక్షలు చూచి దేశంలో సానుభూతి పెరిగింది. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 1951లో ఆ కొండ ఉన్న ప్రాంతమే ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానవనమైనది. 2000లో చేసిన మరొక చట్టం, కొండలు, బీళ్ళు, ఉమ్మడి భూములుగా గుర్తించిన ప్రాంతాలలో అందరికీ కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది.

అయితే ఆ హక్కు కట్టుబాట్లు లేనిది కాదు. ఆ ప్రాంతాలలో మార్చి 1 నుండి జూలై 31 వరకు, పశువుల సమీపంలో అన్నివేళలా, కుక్కలను పొట్టి గొలుసుతో పట్టుకొనియే నడవాలి. అది పక్షులు గుడ్లు పెట్టే కాలం కదా! భూమి యజమాని కూడా తన అవసరాలకై సంవత్సరంలో 28 రోజులవరకు ప్రవేశాన్ని నిలిపివేయవచ్చును. నడిచేవానికి హక్కు, యజమానికి ఊరట, రెండూ ఒకే చట్టంలో ఇమిడియున్నవి. మాకు నచ్చినది ఈ సమతూకమే.

మన దేశంలో దారి మూసుకుపోయినవారు ఏం చేయాలి? దారి ప్రజలదైతే స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయుట మొదటి మెట్టు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను ప్రకారం ప్రజల దారిలోని అక్రమమైన అడ్డును తొలగించవలెనని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చును. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఇదే 133వ సెక్షను. 2024 జూలై 1 నుండి కొత్త సంహిత అమలులోనికి వచ్చింది. దారి వాడకం విషయమై శాంతిభంగం కలుగునట్టి తగవు వస్తే 166వ సెక్షను ఉన్నది. కాని ఏడాది పొడవునా వాడే దారి అయితే, మేజిస్ట్రేటుకు సమాచారం అందుటకు ముందు మూడు నెలల లోపల ఆ హక్కును వాడియుండాలి. ఇక్కడ కూడా ఆలస్యం అమృతం విషమే. ఈజ్‌మెంటు హక్కు తేల్చుకొనుటకు మాత్రం సివిలు కోర్టే శరణ్యం. ఆ దారి చాలా పొడుగు. ఇరుపక్షాలూ ఒప్పుకొంటే 1987 నాటి చట్టం క్రింద ఏర్పడిన లోక్ అదాలతులో రాజీ పడవచ్చును. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు. అది సివిలు కోర్టు డిక్రీతో సమానం.

ఇప్పుడు తిరిగి మా కాలిబాట దగ్గరకు వద్దాం. ఈ వ్యాసం వ్రాయుటకై మేము కార్యాలయంలోని పాత దస్త్రాలు తిరగవేసినాము. మా కళాశాల స్థలానికి పెద్ద రోడ్డువైపు వేరే ద్వారం ఉన్నది కావున అవసరంచేత కలిగే హక్కు మనకు లేదు. ఇరవై సంవత్సరాల అనుభవం ఉన్నదని ముసలి అటెండరు మొదలు అందరూ సాక్ష్యం చెబుతారు. కాని దస్త్రంలో ఒక ఉత్తరం నకలు దొరికింది. చాలాకాలం క్రిందట కళాశాల తరఫున ఆనాటి తోట యజమానికి వ్రాసినది. "మా విద్యార్థులు తమ తోటలోనుండి నడుచుటకు దయతో అనుమతించినందుకు కృతజ్ఞులము" అని అందులో ఉన్నది. మర్యాదకై వ్రాసిన ఆ రెండు వాక్యాలు మన నడకను హక్కుగా నడిచిన నడకనుండి అనుమతితో నడిచిన నడకగా మార్చివేసే ప్రమాదం ఉన్నది. ఈ సంగతి దాచిపెట్టి విద్యార్థులను రెచ్చగొట్టుట మాకు ధర్మంగా తోచలేదు. అందుచేతనే ఇక్కడ వెల్లడిస్తున్నాము.

మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. గేటు పెట్టినవారిని మేము కలిసినప్పుడు వారు కోపంగా మాట్లాడలేదు. రాత్రివేళ ఆ బాటలో మోటారు సైకిళ్ళు తిరుగుతున్నాయనీ, వాకిట్లో చెత్త పడుతున్నదనీ, ఒకసారి దొంగతనం కూడా జరిగిందనీ చెప్పారు. చివరకు ఆ ఇంటి పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. "సాయంత్రం మా పిల్లలు మీ కాలేజీ మైదానంలో ఆడుకొనేవారు. మూడేండ్లనుండి మీరు దానికి తాళం వేశారు. మా గేటు తప్పైతే, బాబూ, మీ గేటు మాటేమిటి?" మేము జవాబు చెప్పలేకపోయినాము. చట్టం ప్రకారం మైదానం కళాశాలదే, తాళం వేయుటకు హక్కు ఉన్నది. సరిగా ఆయన కూడా తన గేటును గురించి అదే మాట అంటున్నారు.

ఈ రెండు తాళాలు ఒకదానికొకటి పుట్టినవని మా అభిప్రాయం. కావున పాలక సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. పొరుగువారితో కూర్చొని వ్రాతపూర్వకంగా ఒక ఒడంబడిక చేసుకొనాలి. కళాశాల పనివేళలలో బాట తెరచి ఉంచుట, రాత్రివేళ మూయుట, మనిషి మాత్రమే దూరి మోటారు సైకిలు దూరకుండునట్లు రాతి స్తంభాలు నాటుట, ఒక దీపం పెట్టుట, ఆ స్తంభాల ఖర్చు, దీపం ఖర్చు కళాశాల భరించుట, ఇవి అందులో షరతులు కావచ్చును. బదులుగా సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత రెండు గంటలపాటు మైదానం ఆ పేట పిల్లలకు తెరువవచ్చును. ఒడంబడికను రిజిస్టరు చేయించుట మంచిది. మనుష్యులు మారుతారు, యజమానులు మారుతారు, కాగితం నిలుస్తుంది.

విద్యార్థి సోదర సోదరీమణులకు కూడా ఒక మాట. బాట తెరుచుకొన్ననాడు అందులో చెత్త వేయనివాడు, గట్టిగా కేకలు వేయనివాడు, వాహనం తోలనివాడు మాత్రమే ఆ ఒడంబడికను కాపాడినవాడు. ఎవరో ఒక్కరు తప్పు చేస్తే తాళం పడేది అందరికీ. పొరుగువాడు పగవాడు కాదు. రేపు మనలో చాలామందిమి ఎక్కడో ఒక చోట ఒక గేటుకు యజమానులం అవుతాం. అప్పుడు అవతల నిలబడినవారి నడక మనకు గుర్తుండుగాక. ఇది వ్రాసేనాటికి రెండు తాళాలూ అట్లే ఉన్నవి. ముందుగా మన తాళం తీయుదమని మా ప్రార్థన.